రవ్వ కేకులో ఒక మూల

ఈ శుక్రవారం దోహాలో, అబూ హమూర్‌లోని మా ఫ్లాట్‌లో రవ్వ కేకు వాసన రాగానే అమ్మ గుర్తొచ్చింది.

మేము గుంటూరు వైపు యూదులం. నా చిన్నప్పుడు ఇదే ఊళ్ళో ఫరీజ్ బిన్ మహమూద్‌లో ఉండేవాళ్ళం. పొలం కోసేటప్పుడు ఒక మూల పేదలకు వదిలెయ్యాలన్నది మా ధర్మశాస్త్రం. దోహాలో మాకు పొలం లేదు, కేకు ఉండేది. శుక్రవారం పొద్దుగూకేలోపు, విశ్రాంతి దినపు దీపాలు వెలిగించకముందే, అమ్మ ఒక మూల ముక్కను డబ్బాలో పెట్టేది.

"దేవుడి వాటా, ముట్టుకోకు."

ఎర్రగా వేగిన ఆ అంచంటే నాకు ప్రాణం. దేవుడు లిఫ్టులో వచ్చి పట్టుకెళ్తాడనుకునేదాన్ని.

ఒకరోజు పక్క సైటులో పనిచేసే జగిత్యాల మల్లయ్య మా మెట్ల మీద కూర్చుని ఆ డబ్బాలోంచే తింటున్నాడు.

"అది దేవుడిది!" అని అరిచాను.

ఆయన చెయ్యి ఆగిపోయింది. "నాకు తెల్వదు బిడ్డా," అంటూ మిగిలింది డబ్బాలో పెట్టి నాకిచ్చేశాడు.

అమ్మ పరుగున వచ్చింది. "తిను అన్నయ్యా, నీకోసమే దాచాను. పిల్లకేం తెలుసు!"

ఆయన తినలేదు. మళ్ళీ ఆ మెట్ల మీద కూర్చోనూ లేదు.

ఇప్పుడు అమ్మ లేదు. మూల ముక్క డబ్బాలో పెట్టుకుని కిందికి దిగాను. గేటు దగ్గర కాపలా ఉండే నిజామాబాద్ అతను, "ఏందిది మేడం?" అన్నాడు.

దేవుడి వాటా అనబోయి ఆగాను.

"మీకోసమే దాచాను," అన్నాను.