శెట్టి సెల్లుకు రాని హెచ్చరిక

2009, వానాకాలం చివర. కర్నూలు పాత ఊళ్లో ఒక మేడమీద నాది సెల్ రీఛార్జి దుకాణం. మా కింది సందులో, హంద్రీ నది వైపు పల్లంలో, సుబ్బయ్య శెట్టి నూనె అంగడి, దాని వెనకే ఇల్లు. నేను దుకాణం తెరిచిన రోజు పదిమందిలో ఆయన దాన్ని పిల్లల బూరల కొట్టులా ‘పీపీల అంగడి’ అని ఎగతాళి చేశాడు. ఆ మాట మరిచిపోలేదు. మరవను కూడా.

ఆ రోజుల్లో ఒక కంపెనీ ‘సెల్ బ్రాడ్‌కాస్ట్’ మొదలుపెట్టింది. నంబర్లతో పని లేదు. ఒక టవరు పరిధిలో ఉన్న ఆ కంపెనీ ఫోన్లన్నిటికీ ఒకేసారి సందేశం వస్తుంది. ఒక మధ్యాహ్నం నా ఫోన్‌కు సర్కారు హెచ్చరిక వచ్చింది: నీరు పెరుగుతోంది, పల్లపు ప్రాంతాలవారు వెంటనే ఎత్తుకు వెళ్లండి. ఏ పల్లమో, ఎంత ఎత్తుకో లేదు. కాసేపటికే మా మెట్ల నిండా జనం. ఒకే ఇంట్లో అన్నకు వచ్చింది, తమ్ముడికి రాలేదు.

“నా సెల్లు చెడిపోయిందా?” అని ఒకడు. “నాకు రాలే, అంటే నేను పోనక్కర్లే గదా?” అని ఇంకొకడు. సిమ్ వేరే కంపెనీదైతే రాదని చెప్పీ చెప్పీ నాకే తికమకైంది.

శెట్టి సిమ్ కూడా వేరే కంపెనీదే. అందుకని సందేశాన్ని ఆయనకు ఫార్వర్డ్ చేశాను. వెంటనే ఫోన్ చేశాడు.

“ఏమప్పా, సర్కారు మాటయితే దీంట్లో నీ పేరెందుకుండాది?”

“నేను పంపితే నా పేరే వస్తాది శెట్టీ. ఆడ ఉండొద్దు, పైకి రా.”

“నా సెల్లుకు రాలే. నీ మాట ఇని అంగడి ఇడిసి యాడికి పోవాల? నా బేరం చెడగొట్టే ఎత్తు గదా ఇది!”

ఒళ్లు మండింది. “నేను అబద్ధమాడినానా? దమ్ముంటే పైకొచ్చి నా ఎదుట నిలబడి అను!”

వచ్చాడు. అంగడి తెరిచే ఉంచి, పంచె ఎగ్గట్టి వచ్చాడు. “కొట్లాట వద్దు, ఇంటికి రాండి” అని చొక్కా పట్టుకుని వెనక్కి లాగుతూ ఆయన భార్య రత్నమ్మ కూడా మెట్లన్నీ ఎక్కేసింది. మేమిద్దరం అరుచుకుంటూ ఉండగానే కింద కేకలు. చూస్తే సందు నిండా ఎర్రనీళ్లు. శెట్టి నూనె డబ్బాలు వాకిలి దాటి తేలుతూ వస్తున్నాయి.

రత్నమ్మ మెట్ల మీదే కూలబడింది. శెట్టి తన ఫోన్ నా ముందుకు చాపాడు.

“అయినా నా సెల్లుకు రాలే గదప్పా.”

అంతే. అదీ గుర్తుంది నాకు.

కాపాడాలని పిలిచానా, పోట్లాడాలని పిలిచానా అంటే ఇప్పటికీ తేల్చుకోలేను. ఒకటి మాత్రం తెలిసింది. టవరు ఎంత దూరం సందేశం పంపినా, మనిషి కదిలేది మనిషి మీద నమ్మకంతోనో, కోపంతోనో. అందుకే ఆ తర్వాత ఎవరికైనా ప్రమాదముందని తెలిస్తే ఫార్వర్డ్ చేయడం మానేశాను. వాళ్ల వాకిట్లోకి పోయి, బయటికొచ్చేదాకా పోట్లాడతాను.