తునికిగూడెం హాల్టుల ఎక్కినోళ్లు: సున్న

సీతయ్య తునికిగూడెం హాల్టుల టికెట్లమ్మేటోడు. రైల్వే నౌకరి కాదు, కమీషన్ పని. ఆ కోయల గూడెం మొత్తంల నాలుగో తరగతి దాక చదివింది ఆయనొక్కడే గనుక ఆ రేకులషెడ్డు, టికెట్ల పెట్టె ఆయనకు దక్కినయ్. పొద్దున ఏడున్నరకు కొత్తగూడెం పోయే ప్యాసింజర్ ఒక్క నిమిషం ఆగేది. సాయంత్రం అదే బండి తిరిగొచ్చేది.

ఆయన పెండ్లాం చిన్నక్కకు టీబీ. దినం విడిచి దినం కొత్తగూడెం దవాఖానాల సూది. తొంభై పడాలె, నలభై ఒకటి పడ్డయ్. బండి ఆగబట్టే పోయొస్తున్నది. ముందటి స్టేషను పదకొండు కిలోమీటర్లు, అంతా అడవి. చిన్నక్క వాకిలి దాక నడిస్తేనే ఎగపోస్తది.

తొంభై రెండో సాలు జూన్ల రైల్వే పై ఆఫీసు నుంచి ఒక లెక్కల సారు దిగిండు. చేతిల నోటుబుక్కు.

"మూడు దినాలు ఎవరెక్కుతరో రాస్త. ఒక్కనాడన్న పదిహేను మంది తేలితే హాల్టు ఉంటది, లేకుంటే లేదు."

"ఒక్క నిమిషమే కదా సారూ ఆగేది?"

"నిమిషమేంది? స్పీడు తగ్గుడు, మళ్ల అందుకునుడు, అన్నీ కలిపి ఆరు నిమిషాలు. గిట్లాంటి హాల్టులు ఐదు. తీసేస్తే బండిల ఉన్న ఆరొందల మందికి అర్ధగంట మిగుల్తది."

మామూలు దినమైతే ఇరవై మందికి తక్కువ ఎక్కరు. కాని అవి భూమి పండుగ దినాలు. మొగోళ్లు పొలిమేర లోపటి అడవికే వేటకు పోయిన్రు. ఆడోళ్లు తొవ్వకు అడ్డంగ కర్ర పట్టి వచ్చేటోళ్లను పోయేటోళ్లను ఆపి పండుగ మామూలు పైసలు అడుగుతున్నరు. విత్తనం పడేదాక ఊరోళ్లు పొలిమేర దాటరు.

"వచ్చే వారం రారాదుండ్రి సారూ" అని సీతయ్య బతిమాలిండు.

"వచ్చే వారం ఇంకో లైన్ల డ్యూటీ."

రెండు దినాలు సున్న. మూడోనాడు నలభై మంది ఆడోళ్లు హాల్టుకే వచ్చి సారుకు కర్ర అడ్డం పెట్టిన్రు.

"పండుగ మామూలు ఇయ్యి బావా, లేకుంటే ఈడనే ఉండు, అల్లుణ్ణి చేసుకుంటం" అన్నది ముత్తక్క. ఊరికి పెద్ద ముసలామె ఆమె. అందరు పకపక నవ్విన్రు. సారు కూడ నవ్వి ఐదు రూపాయలిచ్చిండు.

బండి కూత వినపడ్డది. సీతయ్య ముత్తక్క కాళ్లు పట్టుకున్నంత పని చేసిండు.

"పెద్దమ్మా, పదిహేను మందిని ఎక్కించు. ముందటి స్టేషన్ల దిగి నడిచొస్తరు."

"పండుగల పొలిమేర దాటితే విత్తనం చెడ్తది. నీకెరుక లేదా?"

సీతయ్య చిన్నక్క దిక్కు చూసిండు. ఆమె గూడ కర్ర పట్టుకొనే ఉన్నది. "నువ్వన్న ఎక్కవే. ఇయ్యాల సూది దినం" అన్నడు.

"నా ఒక్కదాని సూది కోసం ఊరి విత్తనం చెడగొట్టాల్నా?" అన్నది చిన్నక్క. కర్ర ఇడువలేదు.

బండి ఆగింది, పోయింది. నలభై మంది నిలబడి చూసిన్రు. సారు బుక్కుల సున్న రాసిండు. ఆయన తప్పు రాయలేదు. ఎవ్వరూ ఎక్కలేదు మరి.

జులై నుంచి బండి ఆగలేదు. సీతయ్య చిన్నక్కను వీపున మోసుకొని కోడి కూయకముందే ముందటి స్టేషనుకు బయలెల్లేటోడు. వానల వాగు దాటంగ నాలుగుసార్లు బండి తప్పింది. దవాఖానాల డాక్టరు చీటీ చూసి మొకం చిట్లించిండు. "నడుమల ఇన్ని దినాలు ఆపితే మందు పనిచెయ్యదు. మళ్ల ఒకటి నుంచి మొదలుపెట్టాలె."

వాపసు వచ్చేటప్పుడు చిన్నక్క ఆయన చెవికాడ అన్నది: "నీ వీపు అరిగిపాయె. ఇగ నేను రాను."

రాలేదు. సెప్టెంబరుల పోయింది. పొలిమేరల పూడ్చేటప్పుడు ముత్తక్క మట్టెయ్యబోతే సీతయ్య ఆమె చెయ్యి పక్కకు నెట్టిండు.

ఆమె పోయిన తొమ్మిదోనాడు మిగిలిన టికెట్లు వాపసియ్యమని కాగితమొచ్చింది. పెట్టె నెత్తిన పెట్టుకొని పదకొండు కిలోమీటర్లు నడిచిపోయిండు. క్లర్కు టికెట్లు ఎంచుకుంట మంచిగనే మాట్లాడిండు.

"ఇప్పుడు బండి సరిగ్గ టైముకొస్తున్నదయ్యా. జనం మస్తు ఖుషీ. మీ దిక్కు ఎట్లున్నది?"

"సంతకం ఏడ పెట్టాలె సారూ?" అన్నడు సీతయ్య.