బావగారి నాలుగు బర్నర్ల పొయ్యి

మొన్న ఆదివారం అమెరికాలో మా అరోరా ఊరి తెలుగువాళ్ళ వాట్సాప్ గ్రూపులో ఎవరో కుర్రాడు ఒక ప్రశ్న పెట్టాడు. కొత్తగా మోటార్‌హోమ్, అంటే వంటగదీ పడకా ఉన్న ఇల్లులాంటి బండి, కొన్నాడట. అందులోని పొయ్యి బొమ్మల పెళ్ళి వంటకి తప్ప దేనికీ పనికిరాదట. దాన్ని పీకేసి ఇంట్లో వాడే గ్యాస్ పొయ్యి పెట్టుకోవచ్చా అని అడిగాడు. నేను కాఫీ కలుపుకుని వచ్చేలోపే అంకుల్స్ అందరూ బొటనవేళ్ళు ఎత్తేశారు. ‘ఈజీ బ్రో, వీకెండ్ ప్రాజెక్ట్’ అన్నాడొక మహానుభావుడు. అది చదవగానే మా బావగారు గుర్తొచ్చారు. ఆయన గుర్తొస్తే ఇప్పటికీ నా పెదవి దానంతటదే వంకర తిరుగుతుంది.

బావగారంటే మా అక్క భర్త. ఆష్‌బర్న్‌లో ఉంటారు. ఉద్యోగం సొల్యూషన్ ఆర్కిటెక్ట్. ఆ పేరు చూసి ఇళ్ళు కడతారనుకునేరు, కంప్యూటర్ తెర మీద డబ్బాలు గీసి వాటి మధ్య బాణాలు వేస్తారు. డబ్బాలకూ బాణాలకూ లొంగనిది లోకంలో ఏదీ లేదని ఆయన నమ్మకం. ఒకసారి పచ్చికకు నీళ్ళు చల్లే గొట్టాలు స్వయంగా బిగించారు. ఆ వేసవంతా పక్కింటి వాళ్ళ కారు రోజూ శుభ్రంగా స్నానం చేసింది. తప్పు గొట్టాలదన్నారు. అక్క ఏమీ అనేది కాదు. పక్కింటికి ఓ డబ్బాలో మైసూర్‌పాక్ పెట్టి పంపేది. ఆయన చేసే ప్రతి ఘనకార్యం వెనకా మా అక్క మైసూర్‌పాక్ ఒకటి ఉండేది.

మోటార్‌హోమ్ కొన్న మొదటి ప్రయాణంలోనే ఆయనకు అందులోని చిన్న పొయ్యి నచ్చలేదు. దాని మీద పెసరట్టు వేస్తే ఒక పక్క మాడి, రెండో పక్క పచ్చిగా ఉంటోందట. నేను సెలవులకు వెళ్ళేసరికి గరాజ్‌లో పెద్ద అట్టపెట్టె ఉంది. అందులో నాలుగు బర్నర్ల ఇంటి పొయ్యి, పైన నల్లగా మెరిసే అద్దం. అక్క ఆ పెట్టె మీది అక్షరాలు చదివి నెమ్మదిగా అడిగింది.

“ఏవండీ, ఇది పైపులో వచ్చే గ్యాస్‌ది. బండిలో ఉండేది సిలిండర్ కదా. రెండూ వేరు కదండీ?”

“గ్యాస్ ఈజ్ గ్యాస్. వీడియోలన్నీ చూశాను. నువ్వు టెన్షన్ పడకు,” అన్నారు బావగారు.

పైపు గ్యాస్ పొయ్యిలో గ్యాస్ వచ్చే రంధ్రాలు పెద్దవి. సిలిండర్ గ్యాస్ పెడితే వాటిని మార్చి చిన్నవి వేయాలి, లేకపోతే మంట అదుపులో ఉండదు. ఈ సంగతి పెట్టెలోని కాగితం మీదే ఉంది. కాగితాలు చదవడం ఆయన దృష్టిలో తెలియనివాళ్ళ పని. పాత పొయ్యి తీసిన గుంటలో కొత్తది పట్టకపోతే రంపంతో వంటగట్టు కోశారు. కోత వంకరగా వస్తే దాని మీద టేపు అంటించి, వెనక్కి నిలబడి, తలాడిస్తూ చూసుకున్నారు. తాజ్‌మహల్ కట్టించినవాడు కూడా అంత తృప్తిగా చూసుకుని ఉండడు.

మర్నాడు ముగ్గురం కొండల్లో చెరువు పక్కనున్న క్యాంప్‌గ్రౌండ్‌కి బయల్దేరాం. ఇంటి పొయ్యి కదా, పైనున్న ఇనప జాలీలకు పట్టు లేదు. దారి పొడవునా అవి అద్దం మీద ధనాధనా మోగుతూనే ఉన్నాయి. “సెట్ అయిపోతుందిలే,” అన్నారాయన. దిగాక నేను బయట బల్ల మీద ఉల్లిపాయలు తరుగుతున్నాను. బావగారు లోపల బర్నర్ వెలిగించి, దాని మీద నూనె బాణలి పెట్టి, “చూడు, ఇదీ మంట అంటే!” అని అక్కకు చూపించి, వీడియో తీయడానికి ఫోన్ కోసం బయటికొచ్చారు.

కిటికీలోంచి పసుపుపచ్చ వెలుగు కనబడింది. తల ఎత్తి చూసేసరికి మంట పై అరను నాకుతోంది, కిటికీ తెర అంటుకుంది. అది కాలుతూ ఊడి సరిగ్గా మీటల మీద పడింది. అక్క చెయ్యి పెట్టబోయి, కేక వేసి వెనక్కి తీసుకుంది. బయటికి దూకి, బండి చుట్టూ పరుగెత్తి, సిలిండర్ గది తలుపు లాగి, గ్యాస్ కట్టేసింది. మళ్ళీ లోపలికి వెళ్ళి, తలుపు పక్కనున్న, మంటలార్పే ఎర్ర సిలిండర్ అందుకుని మంట మీద తెల్లటి పొడి కొట్టింది. అంతసేపూ బావగారు నా పక్కనే, ఫోన్ చేత్తో పట్టుకుని, “ఏమైంది? ఏమైంది?” అంటూ నిలబడ్డారు. ముంజేయి బొబ్బలెక్కి, కనుబొమ్మలు మాడి, దగ్గుతూ దిగిన భార్యను చూసి ఆయన అన్న మొదటి మాట:

“నువ్వేం తిప్పావు?”

నేను అక్క చేతి మీద నీళ్ళు పోస్తూ కూర్చున్నాను. అక్క ఆయన వైపు చూసి, తల తిప్పుకుంది.

తర్వాత వాళ్ళింట్లో తలో వంటా తెచ్చుకునే స్నేహితుల పాట్‌లక్ జరిగింది. బావగారు కథ మొదలుపెట్టారు. మంట ఎలా లేచిందో, తను ఎంత కూల్‌గా రియాక్ట్ అయ్యారో, సిలిండర్ ఎలా కట్టేశారో! అంకుల్స్ నోళ్ళు తెరుచుకుని వింటున్నారు. అక్క కట్టుకట్టిన చేత్తోనే పులిహోర వడ్డిస్తోంది. గరిటె ఆపింది.

“మీరు బయట ఫోన్ పట్టుకుని నిలబడ్డారండీ. కట్టేసింది నేను.”

గొంతు పెంచలేదు. ఎవరూ నవ్వలేదు కూడా. బావగారు కథ అక్కడితో ఆపేశారు. లేచి వెళ్ళి అక్క చెయ్యి పట్టుకోలేదు, క్షమాపణా చెప్పలేదు. నెమ్మదిగా పులిహోర తిన్నారు.

ఆ వారమే అక్క మోటార్‌హోమ్ తాళాలు తీసుకుంది. అంత పెద్ద బండి నీవల్ల కాదని ఆయన అంతకుముందు దాన్ని ముట్టుకోనివ్వలేదు. ఒక్కతే మెల్లగా నడుపుకుంటూ రిపేర్ షాపుకి తీసుకెళ్ళి, బండికి తగ్గ చిన్న పొయ్యి పెట్టించి, కోసిన గట్టుకు స్టీలు రేకు వేయించింది. ఇప్పుడు ప్రతి వేసవీ స్టీరింగ్ అక్కదే. బావగారు పక్క సీట్లో కూర్చుని దారి చెబుతుంటారు, అక్క తనకు తోచిన దారిలో పోతుంటుంది. పాట్‌లక్‌లో అన్న ఆ రెండు ముక్కలు బయటికి రావడానికి అక్క జుట్టు నెరవాల్సి వచ్చింది. కొందరికి కాలం ధైర్యాన్ని అంత ఆలస్యంగా ఇస్తుంది, ఇచ్చాక మాత్రం వెనక్కి తీసుకోదు.