హష్ పప్పీలో పప్పెంత?

మా వంటింటి పైకప్పు మీద ఒక మరక ఉంది. సున్నం వేసినా పోలేదు, రంగు వేసినా పోలేదు. కొత్తగా వచ్చినవాళ్లు తలెత్తి చూసి, వాన నీళ్లు దిగుతున్నాయా అని అడుగుతారు. నేను అవునంటాను. మా ఆవిడ పద్మ మాత్రం "వాన గాదు, మా ఆయన వంట పైకెక్కింది" అంటుంది. ఆ వంట అంత ఎత్తుకు ఎట్లా ఎక్కిందో చెబుతాను. మీ పొయ్యి మీద ఏమన్నా ఉంటే ముందు దించి రండి. నవ్వుతూ కూర మాడ్చుకుంటే నాకు సంబంధం లేదు.

కరోనా రెండోసారి మీద పడ్డ రోజులవి. సూరత్‌లో మేముండే ఉధ్నా గల్లీలో సాంచాలు ఆగిపోయాయి. సాంచాలంటే కరెంటు మగ్గాలు. ఆ చప్పుడు లేకపోతే మావాళ్లకు నిద్ర పట్టదు, ఊగే ఉయ్యాల ఆపితే పసిపిల్ల లేచి కూర్చున్నట్టు. పని లేక నేను ఇంట్లో, జ్వరం వచ్చి పద్మ లోపలి గదిలో. ఆమె తలుపు మూసుకుని ఉంటుంది, తలుపు ముందు ఒక స్టూలు. నేను వండి స్టూలు మీద పెట్టి వెనక్కి జరిగితే, ఆమె తలుపు తీసి పళ్లెం అందుకుని మళ్లీ మూసుకుంటుంది. పెళ్లయినప్పటి నుంచి మేమిద్దరం అంత మర్యాదగా ఎప్పుడూ బతకలేదు.

అంతకుముందు నేను పొయ్యి ముట్టించింది బీడీ అంటించుకోవడానికే. అలాంటివాణ్ణి పప్పు వండాను. అడుగంటింది. అడుగంటిన భాగం వదిలేద్దామంటే పైన మిగిలింది నీళ్లే, అందుకని మొత్తం కలిపి పెట్టాను. పద్మ మారు మాట్లాడకుండా తినేసింది.

మీరు పద్మను ఎరగరు. తన పెళ్లి భోజనంలో, పక్కన నేను కూర్చుని ఉండగానే, వంటవాణ్ణి పిలిపించి చారులో చింతపండు తక్కువైందని చెప్పిన మనిషి. అలాంటి మనిషి నా పప్పు తిని పళ్లెం కడిగి పెట్టిందంటే నాకు నా చేతుల మీద అనుమానం వచ్చింది. ఇన్నేళ్లు ఈ చేతుల్ని సాంచాల దగ్గర పాడుచేశానా అని.

"ఎట్లున్నది?" అని తలుపు బయటి నుంచే అడిగాను.

"ఏం తెలుస్తలేదయ్యా" అంది.

తప్పేమీ తెలియడం లేదు అంటోందని నేను అర్థం చేసుకున్నాను.

మర్నాడు ఉప్మా చేశాను. దాంతో గోడకు మేకు దిగ్గొట్టవచ్చు. అదీ తిన్నది. "తిన్నట్టే లేదు" అంది. చూశారా, నా చేతి వంట ఎంత తేలిక! ఫోన్లో డాక్టరు ముందే చెప్పాడు, వాసనా రుచీ పోతాయి, కంగారు పడొద్దు, మెల్లగా వస్తాయి అని. నేను ఆ ఆ అన్నాను. ఆ మాట చెవిలో ఉంది, ఖాళీ పళ్లెం కళ్ల ముందు ఉంది. రెంటినీ కలిపి చూడాలని మాత్రం తోచలేదు. ఆకలి రుచి ఎరుగదంటారు. కరోనా అసలే ఎరగదు. రుచి ఎరగని నోటి ముందు ప్రతివాడూ నలభీముడే.

తర్వాత పళ్లెం సగం మిగలడం మొదలైంది. ఆ తర్వాత ముక్కాలు. జ్వరం తగ్గినా మనిషి సన్నబడింది, గొంతు సన్నబడింది. తినకపోతే బలం రాదు, ఎట్లాగైనా తినిపించు అని డాక్టరు మళ్లీ చెప్పాడు.

"జర తినరాదే" అన్నాను తలుపు దగ్గర నిలబడి.

"తినబుద్ధి అయితలేదు. ఏం తిన్నా గడ్డి నమిలినట్టే ఉన్నది."

ఆడలేక మద్దెల ఓడన్నట్టు నేను రేషన్ బియ్యాన్ని తిట్టాను. నా వంటకు వంక లేదని నాకు తెలుసు కదా. ఈమెకు కొత్తది కావాలి, ఎన్నడూ తిననిది కావాలి అనుకుని ఫోన్లో వంటల వీడియోలు వెతికాను.

ఎవరో లావుపాటి దొర దొరికాడు. మక్కపిండి, అదే మొక్కజొన్న పిండి, కలిపి, అందులో ఉల్లిగడ్డ కోసి వేసి, ఉండలు చేసి నూనెలో వదులుతున్నాడు. ఎర్రగా వేగిన ఉండను కొరికి కళ్లు మూసుకున్నాడు. పద్మ అట్లా కళ్లు మూసుకుంటే చాలనిపించింది. పేరేమిటా అని చెవి పెట్టాను. హష్ పప్పీ అన్నాడు. ఇంగ్లీషు నాకు మిషన్ మీద రాసి ఉన్నంత వరకే వచ్చు: ఆన్, ఆఫ్, డేంజర్. మిగతాది నేర్చుకునేలోపే బడికి దండం పెట్టాను. అందుకని నాకు వచ్చిన భాషలో విన్నాను. పప్పీ అంటే పప్పే కదా. మరి పప్పు ఏది? దొర వేయడం నాకు కనపడలేదు. నేను తల గోక్కున్నప్పుడు వేసి ఉంటాడు.

కింది వాటాలో మా ఇంటి ఓనరు కాంతామాసీ ఉంటుంది. పెద్దవయసు గుజరాతీ ఆమె, వంటలో ఆరితేరిన చెయ్యి. మెట్ల మీద నిలబడి, హష్ పప్పీ తెలుసా మాసీ అని అడిగాను. నాకో మాస్కు, ఆమెకు రెండు. ఆమెకు వినపడింది హాశ్ పాపడి. గుజరాతీవాళ్లు పని ముగించి కూలబడేటప్పుడు "హాశ్" అని ఊపిరి వదులుతారు, అమ్మయ్య అన్నట్టు. పాపడి అంటే చిక్కుడుకాయ. అమ్మయ్య చిక్కుడుకాయ! తిన్నవాళ్లు హాశ్ అనాల్సిందే అని మాసీ తేల్చింది. ఆ పేరు తాను వినలేదని మాత్రం ఒప్పుకోలేదు. కిటికీలోంచి నేను వేలాడదీసే తాడుకు ఒక సంచీ చిక్కుడుకాయలు కట్టి పంపింది.

ఇప్పుడు నా దగ్గర దొర చెప్పిన పిండి, నేను విన్న పప్పు, మాసీ ఇచ్చిన చిక్కుడు ఉన్నాయి. ఎవరు కరెక్టో తెలియలేదు. ఎవర్నీ నొప్పించడం ఎందుకని అన్నీ వేద్దామనుకున్నాను.

పిండి కోసం కిరాణా కొట్టుకు వెళ్లాను. నోరు మూసుకుని గుజరాతీలో మకాయి పిండి అని ఉంటే పసుప్పచ్చటి మక్కపిండి వచ్చేది, ఈ కథ ఉండేది కాదు. కానీ వీడియో చూసి వచ్చినవాణ్ణి కదా, "కార్న్ ఫ్లోర్" అన్నాను. అతను తెల్లటి పొట్లం ఇచ్చాడు. మక్కపిండి తెల్లగా ఉందేమిటా అని ఒక్క క్షణం అనుమానం వచ్చింది. దొరలు తెల్లగా ఉంటారు, వాళ్ల మక్కలు తెల్లగా ఉండవా అని నాకు నేనే జవాబు చెప్పుకున్నాను. పొట్లం మీద డేంజర్ అని రాసి లేదు, చూశాను.

పిండిలో నీళ్లు పోశాను. అది పిడికిట్లో బిగిస్తే రాయి, వదిలితే నీళ్లు. అచ్చం మా సేఠ్ దీపావళి బోనస్ మాట. దొర గుడ్డు కొట్టి కలిపాడు గానీ, మాసీ ఇంట్లో గుడ్డు పేరెత్తితే గది ఖాళీ చేయాలి. ఉండ కట్టడమెట్లా? వేడి నీళ్లు పోశాను. వెంటనే చిక్కబడి, జిగట పట్టి, నిగనిగా మెరిసింది. ఎక్కడో చూసినట్టుందే అనిపించింది. ఎక్కడో గుర్తు రాలేదు.

"ఏం జేస్తున్నవయ్యా అక్కడ?" అంది పద్మ లోపలి నుంచి.

"నీకే. ఉప్పు ఎంత ఎయ్యాలె?"

"దేంట్ల?"

"హష్ పప్పుల."

జ్వరం నాకు అంటుకుందని అనుకుని ఉంటుంది. "పప్పుకైతే ఒక చెంచ" అంది. ఆమె చెప్పిందని ఒక చెంచా, దొర వేశాడని ఇంకో చెంచా వేశాను. శనగపప్పు వేశాను. అది ముందు నానబెట్టాలని మా వంశంలో ఎవరూ నాకు చెప్పలేదు. చిక్కుడు తరిగి వేశాను. ఉండలు చేసి, కాగే నూనెలో వదిలాను.

కొంతసేపు బుద్ధిగా వేగాయి. పైన పెంకు కట్టింది, లోపల ఆవిరి ఇరుక్కుంది. నేను దొరలాగా కళ్లు మూసుకున్నాను. అది మంచిదైంది.

మొదటిది ఠాప్పుమని పేలి నేరుగా పైకప్పుకు అంటుకుంది. రెండోది గోడ మీది క్యాలెండరుకు. నేను స్టవ్వు ఆపి సిలిండరు వెనక నక్కాను. పొయ్యి ఆగినా ఉండలు ఆగలేదు, దీపావళికి తడిసి ఆలస్యంగా పేలే టపాకాయల్లా ఒక్కొక్కటే లేచాయి. కింద కాంతామాసీ పళ్లెం, గరిటె పట్టుకుని వాకిట్లోకి వచ్చేసింది. కరోనా మొదటిసారి వచ్చినప్పటిలాగా అందరూ కలిసి పళ్లాలు మోగించమని మళ్లీ చెప్పారేమో, తనకే ఆలస్యంగా తెలిసిందేమో అని ఠంగుఠంగుమని కొట్టడం మొదలుపెట్టింది. పక్కింటివాళ్లు విని వాళ్లూ కొట్టారు. హష్ అంటే చప్పుడు చేయకు అని అర్థమట. నాకు చాలా రోజుల తర్వాత ఎవరో చెప్పారు.

గొడవ సద్దుమణిగాక చూస్తే మూకుడులో నాలుగు ఉండలు మిగిలాయి. వాటిని పళ్లెంలో పెట్టి స్టూలు మీద ఉంచాను. ఇవి కూడా తినకపోతే ఇంక నా దగ్గర ఏ ఉపాయమూ లేదు. తలుపు తెరుచుకుంది, మూసుకుంది. కరకరమని చప్పుడైంది. అది శనగపప్పు. నేను తలుపుకు చెవి ఆనించి నిలబడ్డాను.

"ఏమయ్యా" అంది పద్మ.

"ఆఁ."

"గంజి ఎవరన్న నూనెల ఏంచుతరా?"

అప్పుడు గుర్తొచ్చింది ఎక్కడ చూశానో. సూరత్ వచ్చిన కొత్తలో దారానికి గంజి పట్టే కార్ఖానాలో చేశాను. డ్రమ్ముల కొద్దీ ఇదే పిండి, ఇదే మెరుపు, మోచేతుల దాకా. అప్పట్లో మొగుడి చొక్కాలకు అంటిన ఆ వాసన చూసిన పద్మ దాన్ని ఆనవాలు పట్టింది, అందులో మునిగి తేలిన నేను పట్టలేదు.

"ఉప్పు గూడ రెండుసార్లు ఏసినవు, నోరు కొట్టుకపోతున్నది."

"నీకెట్ల తెలిసె?"

"నాకు నోరు లేదా ఏంది?" అని, టక్కున ఆగిపోయింది. లోపల ఇంకోసారి కరకరమంది. "అయ్యో, ఉప్పు తెలుస్తున్నదయ్యా" అంది. ఏడుస్తోందో నవ్వుతోందో తలుపు అడ్డం వల్ల తెలియలేదు. ఇటువైపు నా సంగతి కూడా అంతే.

కిటికీలోంచి అరిచి మాసీకి చెప్పాను, పద్మకు రుచి వచ్చిందని. మాసీ పళ్లెం పక్కన పెట్టి, మెట్టు మీద కూలబడి, రెండు మాస్కుల్లోంచి "హాశ్" అంది. పేరు సార్థకమైంది.

నేను ఛాతీ విరుచుకుని తలుపు దగ్గరికి వచ్చాను. నా వంటే కదా మరి నోరు తెరిపించింది! పద్మకు ఆకలి కూడా వచ్చినట్టుంది, పొద్దున వదిలేసిన పప్పన్నం ఒక ముద్ద నోట్లో పెట్టుకుంది. పళ్లెం జరిపిన చప్పుడు వినపడింది.

"ఏమయ్యా."

"ఆఁ."

"ఇన్ని రోజులు నాకు పెట్టింది గిదేనా?"

ఆ రోజు నుంచి తలుపు తెరిచే దాకా ఆమె లోపల నుంచి చెబుతూనే ఉంది, నేను ఇవతల వండుతూనే ఉన్నాను. మర్యాద ముగిసింది, మా కాపురం మామూలైంది.

కాబట్టి పైకప్పు మరక సాక్షిగా, మిగిలిన చిక్కుడుకాయల సాక్షిగా ప్రమాణం చేస్తున్నాను: పద్మ నోటికి రుచి తెలిసినంత కాలం నేను పొయ్యి ముట్టించను. బీడీకి కూడా అగ్గిపెట్టే వాడతాను.