నలభై బెజ్జాల వృత్తం

పదో తరగతిలో వృత్తాల పాఠం మొదలుపెట్టిన రోజున మా లెక్కల సారు నా బల్ల దగ్గరికి వచ్చి, ఈ పాఠం నువ్వు వినకపోయినా పరవాలేదమ్మా అన్నారు. చూపు లేనివాళ్లకు బొమ్మల ప్రశ్నలు మినహాయిస్తారని, వాటికి బదులు వేరే లెక్కలు ఇస్తారని ఆయన ఎక్కడో విన్నారట. నా మంచి కోరే చెప్పారు. ఆ గొంతులో దయ ఉంది. ఆ దయే నాకు మింగుడుపడలేదు. చుట్టూ అందరూ కంపాస్ పెట్టెలు తెరుస్తున్న చప్పుడు వింటూ చేతులు ఒళ్లో పెట్టుకుని కూర్చున్నాను.

అప్పటికి నాకు చూపు పోయి మూడేళ్లు. ఎనిమిదిలో ఉండగా ఒంటినిండా పొక్కులతో జ్వరం వచ్చింది. చిత్తూరు ఆసుపత్రిలో నెల రోజులు ఉన్నాను. ప్రాణం నిలిచింది, కళ్లు నిలవలేదు. వెలుగుకీ చీకటికీ తేడా మాత్రం తెలిసేది. ఏడాది ఇంట్లో కూర్చుని, తర్వాత పట్టుబట్టి మళ్లీ బడికి వెళ్లాను. పక్కన కూర్చునే స్నేహితురాలు పాఠాలు చదివి వినిపించేది, నేను నోటికి పట్టేదాన్ని. లెక్కలు మాత్రం మనసులోనే చేసేదాన్ని. మిగతా పాఠాలన్నీ ఎవరో చెబితే నమ్మాల్సినవి. లెక్క ఒక్కటే నాకు నేనుగా సరిచూసుకోగలిగింది. దాన్నీ సగానికి కోసి ఇస్తామంటే ఎట్లా ఒప్పుకుంటాను?

సాయంత్రం నాయనతో చెప్పాను. సత్యవేడు బస్టాండుకు కాస్త అవతల ఆయనకు సైకిల్ రిపేరు అంగడి ఉండేది. ఐదో తరగతి దాకా చదివినవాడు. చేతిలో పని ఆపకుండా అంతా విన్నాడు.

"ఇంతకీ ఆ పాఠంలో ఏముండాది?"

"గుండ్రాలు నాయనా. నట్టనడుమ నించి అంచుకి రెండు గీతలు గీస్తే, వాటి మధ్య ఎంత కోణముంటే, అంచులో ఆ ముక్క కొలత అంత. ఆ ముక్కను చాపం అంటారు."

"గుండ్రాలే కదా. మన కాడ లేనివా" అంటూ లేచాడు.

స్పోకులు ఊడదీసిన పాత వెనక చక్రం రిమ్ము ఒకటి తెచ్చి చెక్క పలక మీద పెట్టాడు. వెనక రిమ్ముకు స్పోకుల బెజ్జాలు నలభై ఉంటాయన్నాడు. చుట్టూ మూడువందల అరవై డిగ్రీలు, బెజ్జాల మధ్య నలభై సందులు, ఒక్కో సందుకు తొమ్మిది డిగ్రీలని నేను లెక్కగట్టాను. ఇక మధ్యలో మేకు కొట్టాలి. మధ్య ఎక్కడో తెలియాలి కదా. నాయన ఒక బెజ్జం నుంచి ఇరవై సందులు దాటి, ఎదురు బెజ్జానికి పురికొస బిగించి కట్టాడు. ఇంకో చోట నుంచి అట్లాగే మరోటి కట్టాడు. రెండూ కలిసిన చోట నా వేలు పెట్టించి, "ఇదే నడుమ" అన్నాడు. నేను వేలు తీశాక అక్కడ మేకు కొట్టాడు.

ఆ పురికొసల్ని వ్యాసాలంటారని ఆయనకు తెలియదు. వ్యాసం వృత్తాన్ని సగం చేస్తుందని, ఒక్కో సగం నూటఎనభై డిగ్రీల చాపమని నాకు కంఠతా వచ్చు. కానీ ఆ మాటకు అర్థం, వేలు పురికొస మీద ఈ చివర నుంచి ఆ చివరకు జరుగుతున్నప్పుడే తెలిసింది.

ఆ నెలంతా బడి వదలగానే అంగట్లో ఆ పలక ముందు కూర్చునేదాన్ని. గాలి నింపే రంధ్రం పెద్దది కనుక దాని పక్క బెజ్జం నుంచి లెక్క మొదలుపెట్టేదాన్ని. మొదట్లో అన్నీ తప్పులే. ఏడు బెజ్జాలు తగిలితే ఏడు తొమ్మిదులు అరవై మూడు అనుకునేదాన్ని. ఏడు బెజ్జాల మధ్య ఉండేవి ఆరు సందులేనని తెలియడానికి నాలుగు రోజులు పట్టింది. ఇంకో సందేహం ఇంకా ఎక్కువ రోజులు వేధించింది. చిన్న వృత్తంలో తొంభై డిగ్రీల చాపం, పెద్ద వృత్తంలో తొంభై డిగ్రీల చాపం సమానమెట్లా అవుతాయి? పొడవు వేరు కదా. అమ్మను అడిగి ఒక గాజు తెచ్చుకుని, మేకు చుట్టూ సరిగ్గా మధ్యలో ఉండేటట్టు పెట్టాను. మేకు నుంచి రిమ్ముకు లాగిన రెండు దారాలు గాజు మీదుగానే పోతున్నాయి. దారాల మధ్య గాజు ముక్క బెత్తెడు కూడా లేదు, రిమ్ము ముక్క మూరకు మించి ఉంది. కానీ రెండిటికీ మధ్యనున్న కోణం ఒక్కటే. చాపం కొలత అంటే పొడవు కాదు, తిరిగిన తిరుగుడు. అది తెలిసిన రోజున అన్నం తినడానికి కూడా లేవలేదు.

తర్వాతి సోమవారం పలకను బడికి తీసుకెళ్లి సారు బల్ల మీద పెట్టాను. ఆయన ముందు విసుక్కున్నారు. మినహాయింపు ఉండగా ఎందుకమ్మా ఈ కష్టం అన్నారు. ఒక్కసారి కళ్లు మూసుకుని ఈ రెండు దారాల మధ్య చాపం ఎంతో చెప్పమని అడిగాను. పిల్లలు నవ్వారు. కాసేపటికి ఆయన వేళ్లు రిమ్ము మీద మెల్లగా కదిలిన చప్పుడు వినిపించింది.

"డెబ్బై రెండు" అన్నారు.

"బెజ్జాలు కాదు సార్, సందులు లెక్కబెట్టండి."

మళ్లీ మొదటి నుంచి తడిమారు. ఈసారి నవ్వు లేదు. "అరవై మూడు. నేను తప్పు చెప్పినాను" అన్నారు. ఆ రోజు నుంచి బోర్డు మీద బొమ్మ గీసిన ప్రతిసారీ ఏ బిందువు ఎక్కడుందో గట్టిగా చదివేవారు.

పబ్లిక్ పరీక్షలో వృత్తాల లెక్క వచ్చింది. రెండు వ్యాసాలు, మధ్య కోణం డెబ్బై రెండు, మిగతా మూడు చాపాలు కనుక్కోవాలి. దానికి బదులు వేరే లెక్క ఎంచుకోవచ్చన్నారు. నేను వద్దన్నాను. ఎదురు చాపం డెబ్బై రెండు, పక్కవి రెండూ నూటఎనిమిది. నేను చెబుతుంటే నా తరఫున రాయడానికి వచ్చిన అమ్మాయి రాసింది. లెక్కల్లో అరవై ఎనిమిది మార్కులు వచ్చాయి.

ఇంటర్‌లో లెక్కలు, అర్థశాస్త్రం, వాణిజ్యశాస్త్రం ఉన్న గ్రూపు కావాలని తిరుపతిలో ఒక కాలేజీకి వెళ్లాం. మొదటిసారి గుమాస్తానే చరిత్ర గ్రూపులో చేరమని పంపేశాడు. రెండోసారి ప్రిన్సిపాల్ లేరు. మూడోసారికి నాయన, ఎందుకులే పాపా ఈ తిరుగుడు అన్నాడు. అయినా పొద్దున్నే బస్సు ఎక్కాం.

"బొమ్మలు ఎట్ల గీస్తావమ్మా?" అని ప్రిన్సిపాల్ అడిగారు.

"గీయలేను సార్. లెక్క చేస్తాను."

ఆయన కాగితం ముందుకు లాక్కుని, "ఏబీ వ్యాసం, ఓ కేంద్రం. అంచు మీద సీ ఉండాది. ఏఓసీ కోణం యాభై. సీ నుంచి బీకి చాపమెంత?" అన్నారు.

"నూటముప్పై."

"ఏ నుంచి బీ మీదుగా సీ దాకా?"

"మూడువందల పది."

కాగితం మీద పెన్ను కదిలింది. తర్వాత అది ఆగింది. ఫారం ఇటు తెమ్మని గుమాస్తాను పిలిచారు.

క్లాసులు మొదలైన తొలిరోజు లెక్కల లెక్చరర్ బోర్డు మీద ఏదో గీసి, "దీన్నించి దీనికి ఇట్ల పోతే ఇది వస్తుంది" అన్నారు. డెబ్బై మంది మధ్యలో లేచి నిలబడ్డాను. ఏది ఏదో పేర్లతో చెప్పండి సార్ అని అడిగాను. ఆయన చెప్పారు. మర్నాడు మరిచిపోయారు, మళ్లీ లేచి అడిగాను. ఆ రెండేళ్లూ అడుగుతూనే ఉన్నాను.