చెట్ల నీళ్ళు

ఊరి చివర వెలిసిన కొత్త కాలనీకి ముందు రోడ్డు వచ్చింది. తర్వాత వీధి దీపాలు, ఆ తర్వాత రోడ్డు మధ్యలో వరసగా మొక్కలు కూడా వచ్చాయి. కుళాయిలు మాత్రం రాలేదు. ఆ మొక్కలకు నీళ్ళు పోసే ట్యాంకరు డ్రైవరు ఆ కాలనీలోనే కాపురముండేవాడు. భార్య తరపు వాళ్ళంతా చుట్టుపక్కల ఇళ్ళలోనే ఉండటంతో వీధి వీధంతా అతన్ని ‘నీళ్ళ బావ’ అని పిలిచేది.

అతను మోసేది మురికినీళ్ళు. నగరమంతా వాడి పారబోసిన నీటిని శుద్ధి చేసి చెట్లకు పంపేవారు. చూపుకు తేటగానే ఉంటాయి, గొంతులో పోసుకోవటానికి పనికిరావు. సంబంధం మాట్లాడిన పెద్దమనిషి ‘నగరానికి నీళ్ళిచ్చే ఉద్యోగం’ అని గొప్పగా చెబితే అతను తల వంచుకుని ఊరుకున్నాడు. ఆ తర్వాత నిజం చెప్పటానికి నోరు పెగల్లేదు.

ఆ ఎండాకాలం బోర్లు ఎండిపోయాయి. కుట్టుమిషను మీద నాలుగిళ్ళ బట్టలు కుట్టే మరదలు కనిపించినప్పుడల్లా దెప్పేది.

“ఏం బావా, మొక్కలకున్న పాటి విలువ మాకు లేదా? ఓ నాలుగు బిందెలు పోస్తే నీ సొమ్మేం పోయింది?”

“పైవాళ్ళు ఒప్పుకోరమ్మా,” అనేవాడు. అబద్ధం కాదు. అసలు సంగతీ కాదు.

ఒక మధ్యాహ్నం ట్యాంకరు వీధిలో ఆపి భోజనానికి ఇంట్లోకి వెళ్ళాడు. రెండు ముద్దలు తిన్నాడో లేదో, బయట బిందెల చప్పుడు. భార్య నవ్వింది.

“నేనే పట్టుకోమన్నాను. ఎవరూ చూడట్లేదుగా, మీరు తినండి.”

 ఎంగిలి చేత్తోనే బయటికి పరుగెత్తాడు. ఆ క్షణాన ఒక్క మాట చాలు. అతని నోటి నుంచి వచ్చింది మాత్రం ఇది:

“ఆపండాపండి! ఎవరైనా చూస్తే నా ఉద్యోగం పోతుంది!”

“అబ్బో, చూశాంలే!” అంటూ ఆడవాళ్ళు నవ్వుకుంటూ ఇంకా గబగబా నింపుకున్నారు. కాస్త వాసన వస్తే ట్యాంకు తుప్పు అనుకున్నారు. అతను పంపు కట్టేసి, చెయ్యి కడుక్కోకుండానే బండెక్కి వెళ్ళిపోయాడు. గిన్నెలు తోముకుంటారులే, బట్టలు ఉతుక్కుంటారులే అని తనకు తాను చెప్పుకున్నాడు. పది మొక్కలు తడిపేసరికి ఆ సర్దుబాటు కాస్తా కరిగిపోయింది. బండి వెనక్కి తిప్పాడు.

నడివీధిలో నిలబడి అరిచాడు. “ఆ నీళ్ళు తాగకండి! అవి మురికినీళ్ళు. శుభ్రం చేసినా చెట్లకే పనికొస్తాయి. నేను మోసేది ఎప్పుడూ అవే!”

 ఆడవాళ్ళు ఒకరి వెనక ఒకరు బిందెలు తెచ్చి రోడ్డు మీద కుమ్మరించారు. భార్య గుమ్మంలోంచే అతన్ని చూసి లోపలికి వెళ్ళిపోయింది. మరదలు మాత్రం బిందె పట్టుకుని అలాగే నిలబడిపోయింది.

“నాన్న తాగేశాడు బావా,” అంది.

ఆ సాయంత్రానికే మామగారికి వాంతులు, విరేచనాలు పట్టుకున్నాయి. ఆసుపత్రిలో సెలైన్లు ఎక్కించారు. మూడోనాటికి తేరుకుని, మంచం పక్కన ముడుచుకుని కూర్చున్న అల్లుణ్ణి పిలిచాడు.

“అల్లుడూ, చెట్ల నీళ్ళు తాగానుగా. ఎక్కడైనా చిగురేశానేమో చూడవయ్యా.”

పక్క మంచాలవాళ్ళు కూడా నవ్వారు. తిట్టినా బాగుండేది. అతను వరండాలోకి వెళ్ళి, గోడవైపు తిరిగి ఏడ్చాడు.

తిరిగి డ్యూటీలో చేరగానే పెయింటరును బతిమాలి ట్యాంకరు రెండు వైపులా ‘ఇవి తాగే నీళ్ళు కావు’ అని పెద్ద అక్షరాలతో రాయించాడు. వీధివాళ్ళు కుళాయిల కోసం మున్సిపల్ కార్యాలయం ముందు బైఠాయించారు. వాళ్ళతో వెళ్ళటానికి అతనికి మొహం చెల్లలేదు. వానలు పడకముందే నీటి గొట్టాల కోసం తవ్వకం మొదలైంది.

అతను మాత్రం ఇంటికి భోజనానికి రావటం మానేశాడు. రోడ్డు మధ్య మొక్కల దగ్గరే ఏదో తినేవాడు. ఒకరోజు భార్య క్యారేజీ తీసుకుని అక్కడికే వచ్చింది. గట్టు మీద అతని పక్కన కూర్చుని గిన్నెలు విప్పింది. అతను కొంచెం దూరం జరిగాడు.

“వాసనొస్తున్నానా?” అని అడిగాడు.

“వస్తున్నారు,” అందామె. “తినండి.”