సంతోషి ఎడమ చేతికి మౌస్

మా బిడ్డ సంతోషి సూరత్‌లోనే పుట్టింది. వాళ్ల నాన్న రాజనర్సు అక్కడి అమ్రోలిలో సాంచాలు నడిపేవాడు. మరమగ్గాన్ని మా సిరిసిల్ల వైపు సాంచా అంటాం. పన్నెండు గంటల పాళీ దిగి ఇంటికొచ్చినా ఆయన చెవుల్లో ఆ మోత పోయేది కాదు, మెల్లగా మాట్లాడితే వినపడేది కాదు. అందుకేనేమో సంతోషి చిన్నప్పటి నుంచీ గట్టిగా మాట్లాడుతుంది. బడిలో గుజరాతీ, గల్లీలో హిందీ, ఇంట్లో తెలుగు. కోపం వస్తే మూడూ కలిపి తిడుతుంది.

పన్నెండో తరగతి అయ్యాక పంచింగ్ పని నేర్చుకుంది. చీర మీద మెషిన్ కుట్టే పువ్వూ ఆకూ ముందు కంప్యూటర్‌లో తయారు కావాలి. సూది ఎక్కడ దిగాలి, ఎక్కడ లేవాలి అనేది చుక్క చుక్కగా నొక్కి చూపించాలి. ఒక్క అంచుకే వేల నొక్కుళ్లు. రింగ్ రోడ్‌లో ఒక మార్కెట్ నాలుగో అంతస్తులో నరేశ్‌భాయ్ ఆఫీసు ఉంది, అందులో పగటి పాళీ దొరికింది. ఒకసారి మా గల్లీలో పెళ్లికి ఎవరో ఆవిడ కట్టుకొచ్చిన చీర మీద తను వేసిన ఆకు కనిపించిందట. భోజనాల వరుస దాకా ఆవిడ వెనకే నడిచి కొంగు పట్టుకుని చూసింది. ఆవిడ కొడుతుందేమోనని నాకు భయం వేసింది.

పోయిన వానాకాలంలో మా ఆయనకు రొమ్ములో నొప్పి వచ్చింది. సాంచాల దగ్గర సూదిమందులు వేసే మనిషి చూసి, గ్యాస్ అన్నాడు, ఏం కాదన్నాడు. పొద్దున అన్నాడు. సాయంత్రానికి ఆయన లేడు.

అప్పటి నుంచి ఎవరైనా ఏం కాదు అంటే నాకు నమ్మబుద్ధి కాదు. కూరగాయల బండివాడు తూకం వేస్తుంటే కాటా చూడను, వాడి వేళ్లు చూస్తాను. పాలు రెండుసార్లు వాసన చూస్తాను. పక్కింటివాళ్లు ఊరికే పలకరించినా ఎందుకు పలకరించారా అని ఆలోచిస్తాను. ఇది మంచిది కాదని నాకు తెలుసు. కానీ మనసు వినదు.

నాన్న పోయాక సంతోషి పని పెంచుకుంది. నేను వద్దంటే విననట్టు ఊరుకునేది. చలికాలం వచ్చేసరికి కుడి మణికట్టు వాచింది. నరం ఒత్తుకుపోయిందని డాక్టర్ బెల్టు వేశాడు. మూడు నెలలు కుడి చేత్తో పని చెయ్యొద్దన్నాడు. నరేశ్‌భాయ్ మంచిగానే మాట్లాడాడు గాని మాట మాత్రం ఖరాఖండిగా చెప్పాడు. సోమవారం వచ్చి ఎడమ చేత్తో ఒక అంచు చేసి చూపించాలి. భోజనాల వేళకు పూర్తయితే కుర్చీ ఆమెదే. కాకపోతే పగటి పాళీ ఇంకొకరికి పోతుంది.

ఆ ఇంకొకరు ఎవరో నాకు తెలుసు. సంతోషి లేచి వచ్చాక అదే కుర్చీలో సాయంత్రం పాళీకి కూర్చునే సుమన. ఆమెకు మూడేళ్ల పిల్ల ఉంది, పగటి పాళీ దొరికితే బాగుండునని అందరితో అనేది. అలాంటి సుమన శుక్రవారం పొద్దున పనిగట్టుకుని మా ఇంటికి వచ్చి సలహా చెప్పింది. సంతోషి అప్పుడు డాక్టర్ దగ్గరికి పోయింది.

"చిన్నమ్మా, మామూలు మౌస్‌తోని కాదు. కుడిచెయ్యి కీబోర్డు మీద గూడ పెట్టొద్దన్నరు గదా. గేమింగ్ మౌస్ కొను."

"ఆటలాడేదా? పనికి ఆటల మౌస్ ఏంది?"

"దానికి పక్కన ఎక్కువ బటన్‌లుంటయ్. ఏ బటన్ నొక్కితె ఏం గావాల్నో మనమే నేర్పియ్యొచ్చు. ఒకటి నొక్కితె తప్పువోయిన కుట్టు వెనక్కొస్తది, ఇంకోటి నొక్కితె బొమ్మ పెద్దగైతది. ఒక్క చేత్తోనే పని నడుస్తది."

"మరి ఎడమచేతి మౌస్ అని వేరే ఉండదా?"

"ఉంటది గని మస్తు పిరం. రెండు చేతులకూ నడిచేది తీస్కో. చెయ్యి మంచిగయినంక మళ్ల కుడికి మార్చుకోవచ్చు. జర జాగ్రత్త, బటన్‌లు కుడిపక్కన గూడ ఉండాలె. ఎడమపక్కనే ఉన్నది తీస్కోకు."

అక్కడే నాకు అనుమానం తగిలింది. ఎడమ చేతికి కుడిపక్క బటన్‌లు ఎందుకు? ఇరవై ఏళ్లు సాంచాల మనిషితో కాపురం చేశాను. సాంచాల్లో ఎడమవి ఉంటాయి, కుడివి ఉంటాయి. ఎడమ సాంచాకు నడిపే పిడి ఎడమవైపే ఉంటుంది. ఈ సంగతి సాంచాల ఇంట్లో పుట్టిన పసిపిల్లకు కూడా తెలుసు. సుమన వాళ్ల నాన్న కూడా సాంచాలే నడిపాడు. తెలిసీ ఉల్టా చెబుతోందంటే ఎందుకు చెబుతోంది? ఒక చీటీ మీద హిందీలో రాసి ఇచ్చింది, ఏ దుకాణానికి పోవాలో కూడా చెప్పింది. ఆ దుకాణం పేరు చెప్పడం కూడా నాకు నచ్చలేదు.

సంతోషి వచ్చాక చీటీ ఇచ్చాను. చూసి "సహీ హై" అంది. శనివారం తనకు ఆఫీసులో మిగిలిన పని అప్పజెప్పేది ఉంది. అందుకని కొనడానికి నేనే వెళ్లాను.

కంప్యూటర్ దుకాణాల గల్లీ స్టేషన్‌కు దగ్గర. దుకాణంలో కళ్లద్దాలు పెట్టుకున్న పెద్దమనిషి ఉన్నాడు. చీటీ చదివి రెండు డబ్బాలు ముందు పెట్టాడు. రెండింటి మీదా కత్తులు పట్టుకున్న రాక్షసుల బొమ్మలే. మౌస్‌లు బయటికి తీశాడు. రెండూ నడుమ నుంచి చూస్తే అటూ ఇటూ ఒకేలా ఉన్నాయి. ఒకదానికి బటన్‌లు రెండు పక్కలా ఉన్నాయి, అది పదకొండు వందలు. ఇంకోదానికి ఎడమపక్కనే రెండు బటన్‌లు, అది ఏడు వందలు.

"మాసీ, ఎడమ చేతికయితే ఇది తీసుకోండి" అని పదకొండు వందల దాన్ని నా వైపు జరిపాడు. హిందీలోనే మాట్లాడుతున్నాడు.

"ఇది ఎందుకు కాదు?" అని నేను చవకదాన్ని పట్టుకున్నాను.

"ఎడమ చేతికి అది నహీ చలేగా."

"ఎందుకు నడవదు? అటూ ఇటూ ఒక్కతీరే ఉంది కదా?"

"ఆకారం ఒకటే మాసీ, బటన్‌లు వేరు."

"బటన్‌లు ఎడమవైపే ఉన్నాయి కదా. మాకు ఎడమదే కావాలి."

ఆయన నా ముఖం చూశాడు. ఏదో చెప్పబోయాడు. ఇంతలో ఇంకెవరో వచ్చి వైరు అడిగారు. ఈయనా సుమనా ఒక్కటేనని నాకప్పుడు ఖాయమైపోయింది. పంపిన మనిషికి ఏదో ముడుతుంది, అందుకే ఎక్కువ ఖరీదుది అంటగడుతున్నాడు అనుకున్నాను. ఏడు వందలదే ఇమ్మన్నాను.

"సీల్ తెరిస్తే వాపసు ఉండదు" అని గోడ మీద కాగితం చూపించాడు.

"నేను వాపసుకు రాను" అన్నాను. బస్సులో డబ్బా ఒళ్లో పెట్టుకుని కూర్చుంటే ఎన్ని నెలలకో ఒక పని తెలివిగా చేశాననిపించింది.

సంతోషి ఇంటికొచ్చాక డబ్బా తెరిచింది. మౌస్ బల్ల మీద పెట్టి ఎడమ చెయ్యి దాని మీద వేసింది. వేళ్లతో అటూ ఇటూ తడిమింది.

"అమ్మా, నా బొటనవేలు ఏ పక్కనుంది?"

చూశాను. ఎడమ చేతి బొటనవేలు కుడిపక్కన ఉంది. అక్కడ నున్నటి గోడ తప్ప ఏమీ లేదు. రెండు బటన్‌లూ అటువైపు చిటికెన వేలి కింద పడి ఉన్నాయి. నేను నా ఎడమ చెయ్యి బల్ల మీద బోర్లా పెట్టి చూసుకున్నాను. నలభై ఆరేళ్లుగా నాతో ఉన్న చెయ్యి. దాని బొటనవేలు ఎటు ఉంటుందో నేను ఎప్పుడూ ఆలోచించలేదు.

"చీటీల రాసే ఉన్నది గదమ్మా! దోనో సైడ్, రెండు పక్కల అని."

"సాంచా లెక్క అనుకున్న బిడ్డా. ఎడమదానికి ఎడమ పిడి..."

"సాంచా ముందట నిలబడి నడుపుతరు. దీన్ని మీదికెళ్లి పట్టుకుంటరు." గట్టిగా అరవలేదు. అదే నాకు ఎక్కువ బాధనిపించింది. "పాపం సుమనక్క మంచిగ చెప్తే ఆమెను గూడ అనుమానపడ్డవా?"

 సంతోషి చిటికెన వేలితో నొక్కి చూసింది. నాలుగుసార్లు నొక్కేసరికి వేలు వంకరపోయింది. సోమవారానికి నడుమ ఒక్క ఆదివారమే ఉంది.

పొద్దున్నే సుమన ఇంటికి పోయాను. పిల్లకు జడ వేస్తోంది. జరిగింది చెప్పాను. తర్వాత ఇక ఆపుకోలేక అడిగేశాను.

"నిజం చెప్పు సుమనా. పగటి పాళీ నువ్వు అడిగినవా లేదా?"

"అడిగిన." దువ్వెన ఆపలేదు. "దీపావళికే అడిగిన. నాకు పిల్లున్నది చిన్నమ్మా, అడగనా? గని దాని చెయ్యి ఇరగ్గొట్టి కూసుంటనంటె నేనేం మనిషిని?" పిల్ల జడకు రబ్బరు బిగించి లేచింది. "నడువు. ఆదివారం పగటిదాంకనే దుకాణం తెరిచి ఉంటది."

అడిగానని ఒప్పుకుంది కాబట్టి ఆమెను నమ్మాను. అడగలేదని ఉంటే నమ్మేదాన్ని కాదు.

దుకాణాయన మమ్మల్ని చూసి నవ్వలేదు. అది నయమనిపించింది. తెరిచిన డబ్బా వాపసు తీసుకోనన్నాడు. సుమన ఆ మౌస్ తీసుకుని కుడి చేత్తో పట్టుకు చూసింది. బొటనవేలు సరిగ్గా బటన్‌ల మీద పడింది. "ఇది నాకు ఉండనియ్యి చిన్నమ్మా, పైసలు జీతం నాడు ఇస్త" అంది.

ఇక రెండోదాని వంతు. పదకొండు వందలు తీసే ముందు ఆయన్ని అడిగాను.

"ఇక్కడ నేర్పిన బటన్ ఇంకో కంప్యూటర్‌కు పెడితే మరిచిపోతుందా? ఆఫీసులో కొత్తవి ఏవీ ఎక్కించనియ్యరు."

"ఏం కాదు మాసీ, మౌస్ లోపలే గుర్తుంటుంది."

"ఏం కాదు అనొద్దు. చూపించండి."

ఆయన కళ్లద్దాలు సవరించుకున్నాడు. తన కంప్యూటర్‌లో కుడిపక్క ముందు బటన్‌కు చేసింది చెరిపి వెనక్కి తెచ్చే పని నేర్పాడు. వైరు పీకి మూలనున్న ఇంకో కంప్యూటర్‌కు పెట్టాడు. ఒక గీత గీసి బటన్ నొక్కాడు. గీత పోయింది. ఇంకోసారి చెయ్యమన్నాను. చేశాడు. నన్నే గీసి నొక్కమన్నాడు. ఎడమ చెయ్యి పెట్టి వంకరగా ఒక గీత గీశాను, బొటనవేలితో నొక్కాను. పోయింది. బటన్‌లు నాలుగూ ఇరవై ఇరవై సార్లు నొక్కి, ఏదీ లోపలే ఇరుక్కుపోవడం లేదని చూశాకే డబ్బులు ఇచ్చాను. ఆయన మాత్రం విసుక్కోకుండా పక్క దుకాణం నుంచి చాయ్ తెప్పించాడు. చాయ్ ఎందుకు తెప్పించాడా అనుకున్నాను గాని తాగాను.

మధ్యాహ్నం నుంచి సంతోషి, పంచింగ్ నేర్చుకున్నప్పుడు కొన్న పాత కంప్యూటర్ ముందు దానికి పని నేర్పుతూ కూర్చుంది. ఒక బటన్‌కు వెనక్కి, ఒకటి పెద్దగా చూపడానికి, ఒకటి కుట్టు రకం మార్చడానికి. నాలుగోదాన్ని ఖాళీగా వదిలేసింది, పొరపాటున తగులుతోందని. ఎడమ చెయ్యి అలవాటు లేక మొదట ఆకులన్నీ ఒకవైపుకు ఒరిగిపోయాయి. గాలివాన కొట్టినట్టుందని తనే నవ్వింది. చీకటి పడేసరికి లేచి నిలబడ్డాయి.

సోమవారం నేనూ ఆమె వెంట పోయాను. ఆఫీసులోకి వెళ్లలేదు, మెట్ల మీద టిఫిన్ డబ్బా పెట్టుకుని కూర్చున్నాను. తలుపు తెరిచినప్పుడల్లా కొంచెం కనపడేది. సంతోషి మౌస్‌ను కీబోర్డుకు ఎడమవైపు పెట్టుకుంది. బెల్టు వేసిన కుడి చెయ్యి ఒళ్లో ఉంది. నరేశ్‌భాయ్ రెండుసార్లు వెనక నిలబడి పోయాడు. మూడోసారి కుర్చీ లాక్కుని పక్కనే కూర్చున్నాడు. ఆయన ఎందుకు కూర్చున్నాడో తెలియక నేను లేచి నిలబడ్డాను. అట్లాగే నిలబడే ఉన్నాను.

ఒంటిగంట కొట్టింది. అంచు పూర్తి కాలేదు. ఇంకా మూడు ఆకులు మిగిలాయని సంతోషి తర్వాత చెప్పింది. అప్పుడు మాత్రం తెరిచి ఉన్న తలుపులోంచి నాకు ఆయన గొంతు వినపడింది.

"ముందు రోజుకు ఎన్ని చేసేదానివి బేటా?"

"రెండు అంచులు సేఠ్."

"ఇప్పుడు ఈ వేళకు ఒకటి కూడా కాలేదు."  తర్వాత తెర మీద దేన్నో పెద్దగా చేయించి చూశాడు. "కుట్లు మాత్రం సాఫ్‌గా ఉన్నాయి. దారం ఎక్కడా తెగదు." లేచాడు. "చెయ్యి బాగయ్యేదాకా రోజుకు ఒక్క అంచు చాలు. జీతం కూడా అంతకే. కుర్చీ నీదే."

సగం జీతం. నేను సంతోషపడాలో లేదో తెలియలేదు. సంతోషి బయటికి వచ్చి నా పక్కన మెట్టు మీద కూర్చుంది.  ఎడమ చేత్తో తినడం మా ఇంట్లో ఎవరికీ అలవాటు లేదు, కుడి చెయ్యి బెల్టులో ఉంది. పప్పన్నం కలిపి ముద్దలు పెట్టాను. మూడో ముద్దకు ఆమె నోరు నిండా పెట్టుకునే మాట్లాడింది.

"జల్దీ పెట్టమ్మా. మూడు ఆకులు మిగిలినయ్."